వేడి పాలలో వెనీలా

ఆకివీడు,
12 ఆగస్టు 2024

అక్కా,

చేతిలో ఫోను పెట్టుకుని వీడు ఉత్తరం రాయడమేమిటి అనుకుంటావు. కారణం ఉంది. ఫోన్లో నా గొంతు వింటే నువ్వు మెత్తబడిపోతావు. చిన్నప్పుడు నేను మొదటిసారి పులిహోర కలిపితే ఉప్పు ఎక్కువై ఎవరూ ముట్టుకోలేదు. నువ్వొక్కదానివే "బాగుందిరా తమ్ముడూ" అంటూ విస్తరి ఖాళీ చేసి, ఆ తర్వాత చెంబులకి చెంబులు నీళ్లు తాగావు. ఈసారి నాకు అలాంటి ప్రేమ వద్దు, నిజం కావాలి. కాగితం ముందు కూర్చుంటే నా మొహం కనపడదు కాబట్టి నిజమే రాస్తావని ఆశ. ఈ వ్యవహారం తేలేదాకా మనిద్దరి మధ్య ఫోన్లు వద్దు.

పార్సిల్లో ఉన్నవి మన తోటలో కాసిన వెనీలా కాయలు. మొదటి కాపు. కొబ్బరి చెట్లకి ఈ తీగలు పాకిస్తుంటే ఊరంతా నవ్వింది, గుర్తుందా? పువ్వు తెల్లారి విచ్చుకుంటే ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఈలోపే కొబ్బరి ఈనె పుచ్చుకుని ఒక్కో పువ్వులో చేత్తో పుప్పొడి కలపాలి, ఆ పని చేసిపెట్టే తేనెటీగ మన దేశంలో లేదట. నీ మరదలు దుర్గ ఆ రోజుల్లో కాఫీ కూడా తాగకుండా తోటలోకి పరిగెత్తేది. కాయ కోశాక వేడినీళ్లలో ముంచడం, చుట్టి మగ్గబెట్టడం, రోజూ ఎండ చూపించడం, మళ్లీ చుట్టడం, పసిపిల్లని పెంచినట్టే పెంచాం.

ఇప్పుడు అసలు సంగతి. మన తోటకి మూడు పక్కలా ఉన్న రొయ్యల చెరువులు అనిల్ కుమార్‌వే కదా, అతనికి ఇప్పుడు మన తోట కూడా కావాలట. చెట్లు లేపేసి చెరువు తవ్వుకుంటాను, లీజు రాయమని వెంటపడుతున్నాడు. ఆ చెరువుల ఉప్పు ఊటకి కొబ్బరి కాపు తగ్గిపోయింది, ఒట్టి కొబ్బరి మీద బతకలేం. అందుకని అతనికి ఒక మాట ఇచ్చాను. ఈ వెనీలా కొనేవాడు దొరికితే తోట ఉంటుంది, దొరక్కపోతే వచ్చే వేసవిలో నీదే అని. అమ్మ మనిద్దరి పేరా రాసిన తోట గనక నీ సంతకం కూడా కావాలి.

నువ్వు కేకులు చేసి పంపే ఏలూరు ఐస్‌క్రీము కొట్టు హేమంత్‌కుమార్ గారిని కలిశాను. "రమణి గారు బాగుందంటే నేను కళ్లు మూసుకుని తీసుకుంటానండీ" అన్నారు. అంటే తోట నీ నాలుక మీద ఉంది. బజార్లో దొరికే వెనీలాలన్నీ తెచ్చి, పక్కన మనది పెట్టి, అన్ని రకాలుగా వండి చూడు.

కాయల కట్టకి ఉన్న నీలం దారం పారెయ్యకు, గట్టిది. మేత బస్తాల దారం ఉండగా మాకు తాడు కొనే పనే లేదు.

నీ తీర్పు కోసం కాచుకుని,
తాతాజీ

తాడేపల్లిగూడెం,
27 ఆగస్టు 2024

ఒరేయ్ తాతాజీ,

పరీక్ష రాసే పిల్లలా ఉంది నా పని. కింద కొట్టులో మీ బావ ఉల్లిపాయల లారీ దింపిస్తున్నారు, నేను పైన కిటికీలన్నీ బిగించుకుని వెనీలాల మధ్య కూర్చున్నాను. ఉల్లి వాసన పైకి రాకూడదని తలుపు కింద తడిగుడ్డ కూడా పెట్టాను.

హేమంత్ గారి దగ్గరనుంచి నాలుగు రకాలు తెచ్చుకున్నాను. ఒక్కోదాన్నీ వెన్న కేకులో వేశాను, చల్లటి క్రీములో కలిపాను, పంచదార వేసిన వేడి పాలలో నానబెట్టాను. ఎసెన్సు సంగతి నీకు తెలిసిందే. పెళ్లింట్లో అందరికంటే ముందు గొంతెత్తే చుట్టం లాంటిది. కానీ ఓవెన్లో నిలబడేది అదే. ఖరీదైన కాయలు వేసిన కేకూ, ఎసెన్సు కేకూ పక్కపక్కన పెడితే నేనే ఒకసారి తడబడ్డాను. నా దగ్గర కొనేవాళ్లకైతే ఎసెన్సే వెనీలా, అది లేకపోతే ఏదో తగ్గిందంటారు. ఒక చుక్క ఎక్కువైతే మాత్రం చేదు.

మడగాస్కర్ కాయ వేడి పాలలో చూడాలి. పాతబెల్లం, ఎండుద్రాక్ష, అప్పుడే కాచిన నెయ్యి, మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గ్లాసు కిందపెట్టాక కూడా గొంతులో ఉంటుంది. తాహితి కాయది పూల వాసన, వెనక కొంచెం సోంపు. వేడి తగిలితే పారిపోతుంది, కేకులో వేస్తే దండగ. దాన్ని చల్లటి క్రీములోనే కలపాలి. కేరళ కొండల్లో కాసిన కాయలో కాస్త పొగ, కాస్త చెక్క వాసన ఉన్నాయి, చాక్లెట్ కేకుకి బాగా కుదిరింది.

మన కాయలు చూడటానికి నల్లగా, నూనె రాసినట్టు ఎంత బాగున్నాయో! కేకులో బాగానే ఉంది. క్రీములో పర్వాలేదు. వేడి పాలలో మాత్రం ఇంకోసారి చూడాలి. ఈలోపు ఒక సంగతి చెప్పు. కాయలు దేంట్లో చుట్టి మగ్గబెట్టారు? ఎక్కడ ఆరబెట్టారు? ఆ గిన్నెలూ బట్టలూ దుర్గ దేంతో కడుగుతుంది?

తొందరపడి హేమంత్ గారికి ఏమీ ఇవ్వకు.

అక్క

ఆకివీడు,
18 సెప్టెంబరు 2024

అక్కా,

కొల్లేరు పొంగిన సంగతి టీవీలో చూసే ఉంటావు. ఏలూరు రోడ్డు మీద నీళ్లు పారి బస్సులు ఆగిపోయాయి, అందుకే ఈ ఆలస్యం. చెరువుల గట్లు తెగి చేపలు రోడ్డు మీదికి వస్తే జనం దోమతెరలు పట్టుకుని ఎగబడ్డారు. మన తోట మెరక కాబట్టి బతికిపోయింది. తీగల మొదళ్లలో నీళ్లు నిలవకుండా నేనూ దుర్గా కాలవలు తీస్తూనే ఉన్నాం. పచ్చికాయలు ఒక్కటి కూడా రాలలేదు.

నీ ఉత్తరం ఆ బురదలోంచి వచ్చాక చదివాం. దుర్గే పైకి చదివింది. గిన్నెలు దేంతో కడుగుతుంది అన్న చోటికి వచ్చి ఆగిపోయింది. తర్వాత లేచి వెళ్లి, కడిగిన గిన్నెలన్నీ మళ్లీ దింపి కడుక్కుంది. "వదినగారు మన ఇంట్లో ఎన్నిసార్లు తిన్నారండీ, అప్పుడు అడగలేదేం?" అంది నాతో. నువ్వు ఆ మాట రాయకుండా ఉండాల్సింది.

అన్నీ శుభ్రంగానే చేశాం. చుట్టినవన్నీ సర్ఫు వేసి ఉతికి, ఎండలో ఆరేసినవే. ఇంతకంటే ఏం చెప్పాలి?

వేడి పాలలో ఏముందో అది రాయి. మిగతా కాయల గురించి అంత వర్ణించినదానివి, మన కాయ దగ్గరికి వచ్చేసరికి "పర్వాలేదు" అని నీళ్లు నమిలావు. నేను అడిగింది నిజం.

తాతాజీ

తాడేపల్లిగూడెం,
30 సెప్టెంబరు 2024

తాతాజీ,

సరే, నిజమే రాస్తున్నాను. నీసు వాసన.

కేకులో తెలియదు, చల్లటి క్రీములో తెలీతెలియనట్టు ఉంటుంది. వేడి పాలలో ముందు మంచి వాసనే వస్తుంది, గుటక వేశాక వెనకనుంచి నీసు లేస్తుంది. మొదటిసారి పాల ప్యాకెట్టు మీదికి నెట్టాను. రెండోసారి కొత్త గిన్నె కొన్నాను. తర్వాత నా మీదే అనుమానమొచ్చి మీ బావకి ఏమీ చెప్పకుండా గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, "చేపల పులుసు గిన్నెలో పాలు కాచావా ఏంటి?" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ ఈనెలూ, ఆ తెల్లవారుజాములూ అన్నీ కళ్లముందుకొచ్చాయి.

దుర్గని నేనేమీ అనలేదురా. ఎక్కడ తగిలిందో తెలిస్తే వచ్చే కాపుకి జాగ్రత్తపడొచ్చని అడిగాను. ఆ వాక్యం అలా రాసి ఉండకూడదు, ఆమెకి నా మాటగా చెప్పు.

ఈ కాయలు హేమంత్ గారికి ఇవ్వొద్దు. ఐస్‌క్రీము పాలతోనే కదా చేస్తారు. ఒక్కసారి ఆయన నోటికి నీసు తగిలితే మళ్లీ మన గుమ్మం వైపు చూడరు.

అక్క

ఆకివీడు,
21 అక్టోబరు 2024

అక్కగారికి,

నీసు లేదు. నేను పాలు కాచి తాగాను, దుర్గ తాగింది, వీధిలో అందరికీ పట్టాం. "కమ్మగా ఉన్నాయండీ" అన్నారు గానీ ఒక్కరు కూడా మూతి తిప్పలేదు. ఉల్లి కొట్టు మీద కాపురం ఉండేవాళ్ల ముక్కుకి ఇంతమంది కంటే ఎక్కువ తెలుస్తుందా?

అందుకే హేమంత్‌కుమార్ గారికి కాయలు ఇచ్చేశాను. మా అక్క బాగుందని చెప్పిందన్నాను. అబద్ధమే. నీ నోటినుంచి ఎటూ రాదని తెలిసిపోయింది కాబట్టి నేనే అనేశాను.

ఎలా తెలిసింది అంటావా? మొన్న బావగారు అనిల్ కుమార్ గోడౌన్ దగ్గర ఉన్నారు. నేను కళ్లారా చూశాను. నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. ఆకివీడు దాకా వచ్చి, మా గడప తొక్కకుండా, దుర్గ చేతి మంచినీళ్లు తాగకుండా వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా అలా జరిగిందా?

లీజు మీద మీకు ఆశ ఉంటే నన్ను కూర్చోబెట్టి అడగాల్సింది. కాదనేవాణ్ణి కాదు. నా కాయలకి నీసు అంటగట్టి, నా పెళ్లాన్ని బురదలోకి లాగి, ఇంత చుట్టు తిరగడం ఎందుకు? నాకు ఒళ్లంతా మండిపోతోంది. ఇంతకంటే రాస్తే తర్వాత నేనే బాధపడాలి.

తాతాజీ

తాడేపల్లిగూడెం,
6 నవంబరు 2024

తాతాజీ,

"అక్కగారికి" అట! చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

హేమంత్ గారు ఫోన్ చేశారు. "మీరు బాగుందన్నారట కదండీ?" అని అడిగారు. నేను అనలేదండీ అని చెప్పేశాను. చెప్పకపోతే ఆయన డబ్బాలకి డబ్బాలు ఐస్‌క్రీము చేయించేవారు, కొనుక్కెళ్లిన వాళ్లు తెచ్చి ఆయన మొహాన కొట్టేవారు. "సరేనండీ" అని మాత్రం అని పెట్టేశారు. ఆయన గొంతు నాకు నచ్చలేదు. తిట్టుకుంటే నన్ను తిట్టుకో, కానీ ఆ ఒక్క అబద్ధం నావల్ల కాలేదు.

మీ బావ సంగతి. ఆయన్ని అక్కడికి పంపింది నేనే. నీ కట్టకి ఉన్న నీలం దారం దాచమన్నావు కదా, దాచాను. ఒకరోజు పోపులపెట్టె పక్కన పెట్టి మూత తీస్తే ఇంగువ వాసన దాటుకుని ఆ దారం వాసన కొట్టింది. రొయ్యల మేత వాసన. అప్పుడు తట్టింది. మన వైపు ధాన్యం ఎండబెట్టేది మేత బస్తాల మీదే, స్నానాల గదికి తెర మేత బస్తాదే, కట్టెల మీద కప్పేదీ అదే. వెనీలా చుట్టింది కూడా అందులోనే అయి ఉంటుందనిపించింది. అడిగితే నువ్వు చెప్పవు, పైగా దుర్గకి మళ్లీ గుచ్చుకుంటుంది. అందుకని ఆ గోడౌన్ నుంచి ఖాళీ మేత బస్తా ఒకటి తెమ్మన్నాను. మీ ఇంటికి వెళ్తే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అంతా కక్కేస్తారని వెళ్లొద్దన్నాను. తప్పు నాదే, ఆయనది కాదు. లీజు మాట ఆయన మనసులో కూడా లేదు.

ఆ బస్తాని నేనూ సర్ఫు వేసి ఉతికి ఎండబెట్టాను. మడగాస్కర్ కాయలు అందులో చుట్టి ఉంచాను. తర్వాత పాలలో వేస్తే అచ్చం నీ కాయల వాసనే! ఎంత గొప్ప కాయైనా ఆ బస్తాలో పడితే అంతే. నీ కాయ చెడ్డది కాదురా, దాన్ని చుట్టిన బట్ట చెడ్డది.

నమ్మవని తెలుసు. రెండు మూటలు పంపుతున్నాను, ఒకటి ఎర్రగుడ్డ, ఒకటి తెల్లగుడ్డ. రెండూ మడగాస్కర్ కాయలే. ఒకదాన్ని బస్తాలో పెట్టాను, ఒకదాన్ని పెట్టలేదు. ఏది ఏదో నేను చెప్పను. పాలు కాచుకుని నువ్వే చెప్పు.

అక్క

ఆకివీడు,
28 నవంబరు 2024

రెండూ ఒకటే వాసన. రెండూ ఒకటే రుచి. దుర్గ కూడా అదే అంది. ఒకే రకం కాయలు రెండు గుడ్డల్లో కట్టి పంపి నన్ను వెర్రివాణ్ణి చెయ్యాలనుకున్నావు.

హేమంత్‌కుమార్ గారు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఇందులో లీజు అగ్రిమెంటు పెట్టాను. స్టాంపు పేపరు మీద అనిల్ కుమార్ రాయించి తెచ్చాడు. నా సంతకం పెట్టేశాను. నీది పెట్టి పంపితే ఉగాది వెళ్లగానే పొక్లెయిన్ వస్తుంది. రెండో కాపు తీగల మీదే ఉంది. నేను కొయ్యను, దుర్గని కొయ్యనివ్వను.

తాతాజీ

తాడేపల్లిగూడెం,
9 డిసెంబరు 2024

తాతాజీ,

క్రిస్మస్ ఆర్డర్లతో ఊపిరి ఆడటం లేదు. అయినా నీ ఉత్తరం ఆప్రాన్ జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. మొదట కోపంతో ఊగిపోయాను. తర్వాత, గిన్నెలో వెన్న గిలకొడుతుంటే అసలు సంగతి తట్టింది. నువ్వు మొండికెయ్యడం లేదు. నీకు నిజంగానే తెలియడం లేదు.

నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో ఉల్లి వాసనకి అన్నం సహించేది కాదు. దిండులో ఉల్లి, చీరలో ఉల్లి. అమ్మకి చెప్పుకుని ఏడ్చాను కూడా. ఒకరోజు చూసుకుంటే ఆ వాసన లేదు. ఎక్కడికీ పోలేదు, నా ముక్కు దాన్ని లెక్కచెయ్యడం మానేసింది. ఇప్పటికీ చుట్టాలు మెట్లెక్కుతూ ముక్కు చిట్లిస్తే, వీళ్లకేమొచ్చిందా అనుకుంటాను. మన ఊరు కూడా అంతే. నేను వచ్చినప్పుడల్లా ఆకివీడులో దిగగానే నీసు గుప్పుమంటుంది. మర్నాటికి ఉండదు. అది మీకెప్పుడూ చెప్పలేదు. ఏమని చెప్తాను?

నువ్వు ఆ చెరువుల మధ్యే పుట్టావు, అక్కడే ఉన్నావు. దుర్గా అంతే, మీ వీధీ అంతే. ఎవరి సాక్ష్యం నీకు పనికొస్తుంది?

నా సంతకం కావాలంటే ఒక షరతు. రెండో కాపు కొయ్యి. కాయలు తీసుకుని ఏలూరు పిన్ని ఇంటికి వెళ్లు. పిన్నికి చెప్పాను, మేడమీద గది ఖాళీగా ఉంది. ఆమె దగ్గర పాత ఉన్ని తివాచీ ఉంది కదా, ఏలూరులోనే నేసినది, దాన్ని ఎండలో వేసి దులిపిస్తానంది. కొత్త పంచె పరిచి, కాయలు పెట్టి, ఆ తివాచీలో చుట్టు. మన ఇంటినుంచి ఒక్క బస్తా, ఒక్క దారం, ఒక్క దుప్పటి కూడా పట్టుకెళ్లొద్దు. బట్టలు కూడా ఏలూరులో కొనుక్కో. కాయలు నల్లబడేదాకా నువ్వు అక్కడే ఉండు, మధ్యలో ఊరికి రావద్దు. తిరిగి వచ్చాక కూడా సంతకం పెట్టమంటే, ఆ క్షణమే పెడతాను. అమ్మ మీద ఒట్టు.

అగ్రిమెంటు నా బీరువాలో ఉంది.

అక్క

ఏలూరు,
8 జనవరి 2025

వచ్చాను. నీ మాట నమ్మి కాదు. కాయలు తీగల మీద పండి పగిలిపోతుంటే దుర్గ చూడలేక నాతో గొడవపడి కోసింది. "వదినగారు తప్పని తేలినా కాయలు ఉంటాయి కదండీ" అంది. పిన్ని రోజూ పెసరట్లు పోస్తోంది, రోజూ నీ పెళ్లి ముచ్చట్లే చెబుతోంది. తివాచీ మంచిదే.

తాతాజీ

ఆకివీడు,
18 మార్చి 2025

అక్కా,

ఇంటికి వచ్చి చెప్పులు విప్పాను, వెంటనే కాగితం తీసుకున్నాను. రేపటికి ఇది పోతుందని నువ్వే రాశావు. పోయేలోపు నీకు చెప్పాలి.

కైకలూరు దాటాక బస్సులోకి వాసన వచ్చింది. ఎవరో చేపల బుట్ట ఎక్కించారనుకుని వెనక్కి తిరిగి చూశాను. బుట్ట లేదు. పక్కాయన్ని అడిగితే, "ఏం వాసనండీ?" అన్నాడు. ఆకివీడులో దిగేసరికి ఊరు ఊరంతా అదే. మన గుమ్మం తెరలో అదే, చాపలో అదే. దుర్గ ఎదురొచ్చి మంచినీళ్లిచ్చింది, ఆ గ్లాసులో అదే. "చిక్కిపోయారండీ" అంటూ దగ్గరికి వచ్చింది. ఆమె జుట్టులో కూడా ఉంది. ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకు తెలియదు. ఆమెకి చెప్పలేదు, చెప్పను. నువ్వు వచ్చిన ప్రతిసారీ ఇదంతా మొహంలో కనపడనివ్వకుండా తిని, నవ్వి, దుర్గ పక్కనే పడుకుని వెళ్లావు. ఆ పులిహోర తిన్నట్టే.

పాత కాయల డబ్బా మూత తీశాను. ఏడుపొచ్చింది. వెనీలా ఉంది, చాలా ఉంది, దాని మీద అనిల్ కుమార్ గోడౌన్ కూర్చుని ఉంది. నీ రెండు మూటలు బయటికి తీశాను. ఎర్రమూటే బస్తాది. అవునా? ఇన్నాళ్లూ రెంటినీ పట్టుకుని ఒకటే అని అరిచినవాణ్ణి, ఇప్పుడు గదికి ఆ చివర నుంచే చెప్పగలుగుతున్నాను. బావగారి కాళ్లు పట్టుకోవాలి. ఆయన ఒప్పుకోరు గానీ నాకు పట్టుకోవాలని ఉంది.

పాత కాయలన్నీ కొబ్బరి పాదుల్లో పూడ్చేశాను. కొత్త కాయల్లో కొన్ని ఈ పార్సిల్లో ఉన్నాయి. తివాచీలోంచి తీశాక కొత్త గాజుసీసాలో పెట్టాను, ఈ ఊరి గాలి తగలకుండా ఏలూరులోనే మూత బిగించాను. పూర్తిగా మగ్గడానికి ఇంకా నెలలు పడుతుంది. హేమంత్‌కుమార్ గారి కొట్టుకి వెళ్లి చేసిన అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన సీసా ముట్టుకోలేదు. "రమణి గారు వేడి పాలలో చూసి చెప్పనివ్వండి, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. మళ్లీ నీ దగ్గరికే వచ్చింది.

అనిల్ కుమార్ రోజూ అడుగుతున్నాడట. పొక్లెయిన్‌కి మాట్లాడేసుకున్నాడు. నా సంతకం ఉన్న కాగితం నీ దగ్గరే ఉంది. పాలలో ఏ కాస్త నీసు తగిలినా నువ్వూ సంతకం పెట్టి పంపెయ్యి. ఈ వెనీలా కోసం ఇంకో ఏడాది దుర్గ చేత ఈనె పట్టించలేను. బాగుందని రాసినా నమ్ముతాను, బాగోలేదని రాసినా నమ్ముతాను. భయంగా ఉంది, అయినా అడుగుతున్నాను.

రాస్తుండగానే వాసన కొంచెం తగ్గినట్టుంది.

నీ తమ్ముడు,
తాతాజీ

తాడేపల్లిగూడెం,
26 మార్చి 2025

నాయనా తాతాజీ,

ఎర్రమూటే.

సీసా వచ్చిన రోజున మూత తియ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. మర్నాడు తలుపులు బిగించుకుని కొత్త గిన్నెలో పాలు కాచాను. మొదటి గుక్క మింగి, వెనకనుంచి ఏం లేస్తుందోనని అలాగే నిలబడ్డాను. ఏమీ లేవలేదు. ఇంకో గుక్క, ఇంకోటి. నీసు లేదురా. లేదు. మీ బావకి ఇస్తే గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అన్నారు. నువ్వు ఆయన కాళ్లు పట్టుకుంటావని చెబితే, ఆ పనికి వస్తే ఉల్లిపాయల బస్తా మోయిస్తానన్నారు.

నిజం అడిగావు కనుక మిగతాది కూడా విను. మడగాస్కర్ కాయంత దిట్టంగా లేదు. ఆ పాతబెల్లం, ఆ నెయ్యి ఇందులో పలచగా ఉన్నాయి. ఇంకా మగ్గితే కొంత పెరుగుతుందేమో, పెరగకపోవచ్చు కూడా. కేకులో వేస్తే ఉందో లేదో తెలియదు, కేకుల వాళ్లకి ఇస్తానని కలలు కనకు. కానీ చల్లటి క్రీములో కలిపితే చివర లేత కొబ్బరి లాంటి ఒక తీపి వాసన వస్తుంది, అది నా దగ్గరున్న నాలుగింటిలోనూ లేదు. ఇదే మాట హేమంత్ గారికి ఫోన్లో చెప్పాను. కేకులకి కాదండీ, ఐస్‌క్రీముకే అన్నాను. ఎన్ని కాయలున్నాయని అడిగారు. తర్వాత, ఈ కాపు అంతా తనకే పెట్టమన్నారు, వచ్చే కాపు కూడా ఏలూరులోనే మగ్గబెట్టాలన్నారు. తివాచీ అమ్మేది లేదని పిన్నికి ఇప్పుడే చెప్పు.

అనిల్ కుమార్‌తో మాట్లాడటం నీ పని. కొనేవాడు దొరికాడని చెప్పు, నువ్విచ్చిన మాట అదే కదా.

ఈ పెట్టెలో వెన్న కేకు ఉంది, నీ వెనీలా వేసే చేశాను. వాసన తెలియకపోయినా దుర్గకి పెద్ద ముక్క కోసి పెట్టు. ఇది ఆమె పట్టిన ఈనెలకి. ఉల్లి వాసన ఏమైనా వస్తుంటే మాత్రం మొహమాటపడకుండా రాయి, నాకు తెలియదు.

మా ఓవెన్లో అడుగు మాడుతోందని ఈమధ్య టిన్నులో బటర్ పేపరు కింద ఇంకో కాగితం గుండ్రంగా కత్తిరించి వేస్తున్నాను. ఈ కేకుకి నీ అగ్రిమెంటు వేశాను. నీ సంతకం వెన్న పీల్చుకుని అలుక్కుపోయింది. స్టాంపు పేపరు మంచి మందం, అడుగు అస్సలు మాడలేదు.

అక్క